లోపలి చోటు

"కారు తియ్యి!"

కిందనుంచి ఆ కేక వచ్చేసరికి ఆమె పొయ్యి దగ్గర ఉంది. ఆ ఇంట్లో తెల్లవారిందని చెప్పడానికి కోడి కూయక్కర్లేదు, ఆయన గొంతు చాలు. పొయ్యి కట్టేసి, నైటీ మీద మొగుడి పాత చొక్కా ఒకటి తగిలించుకుని, తలుపు పక్క మేకుకి వేలాడుతున్న తాళాలు అందుకుని మెట్లు దిగింది. ఆయన అప్పటికే తన కారులో కూర్చుని, వేళ్ళతో స్టీరింగు మీద దరువేస్తున్నాడు. ఆలస్యమవుతోందని నోటితో మాత్రం అనడు. అంత మర్యాదస్తుడు.

వాళ్ళింటి పక్కన గోడకీ గోడకీ మధ్య ఒక సన్నటి సందు ఉంది. అందులో రెండు కార్లు ఒకదాని వెనక ఒకటి పడతాయి, పక్కపక్కన పట్టవు. లోపలి చోటుకి రేకుల కప్పుంది. గేటు దగ్గరి బయటి చోటుకి ఆకాశమే కప్పు. ఎండకి రంగు వెలిసిపోతుందని ఆయన కొత్త కారు ఎప్పుడూ లోపలే ఉంటుంది. ఆపైన దానికో గుడ్డ ముసుగు కూడా. ఆ వైభోగం చూసి కూతురు దానికి పెళ్ళికొడుకని పేరు పెట్టింది. ఆమె నడిపే పాత చిన్న కారు బయట ఉంటుంది. దాని పేరు ముసలిది, ఆ పేరు ఆయన పెట్టాడు. పొద్దున్న ముందు వెళ్ళేది పెళ్ళికొడుకు, సాయంత్రం ఆఖర్న వచ్చేదీ పెళ్ళికొడుకే. కాబట్టి పొద్దున్న ముసలిది వీధిలోకి వచ్చి దారివ్వాలి, ఆయన వెళ్ళాక మళ్ళీ సందులో దూరాలి. వీధిలో ఆపి ఉంచితే ఎదురింటాయన ఊరుకోడు. సాయంత్రం మళ్ళీ ఇదే తంతు. పెళ్ళికొడుకు లోపల సుఖంగా సర్దుకున్నాక ముసలిది వెళ్ళి గుమ్మంలో కాపలా పడుకోవాలి.

ముసలిదానికి పవర్ స్టీరింగ్ లేదు. రోడ్డు మీద నడుస్తున్నప్పుడు ఆ సంగతి అంతగా తెలియదు, చక్రాలు దొర్లుతుంటే స్టీరింగు కూడా చెప్పిన మాట వింటుంది. ఆపి తిప్పినప్పుడు తెలుస్తుంది దాని అసలు సంగతి, మొండి పశువులా మొరాయిస్తుంది. "నిలబెట్టి తిప్పకూడదు, కొంచెం కదిలిస్తూ తిప్పాలి, అదీ కిటుకు," అని ఆయన మొదట్లోనే పాఠం చెప్పాడు. కిటుకు మంచిదే, కదలడానికి చోటుంటే కదా! అటు గేటు స్తంభం, ఇటు కరెంటు స్తంభం, వెనక ఎదురింటి గోడ. జానెడు వెనక్కెళ్ళి ఆగాలి, స్టీరింగు ఆ చివరిదాకా తిప్పాలి, జానెడు ముందుకొచ్చి ఆగాలి, మళ్ళీ ఈ చివరిదాకా తిప్పాలి. ఆమె సీట్లోంచి కొంచెం లేచి, ఒంటి బరువంతా వేసి, పళ్ళు బిగబట్టి తిప్పింది. కుడి భుజంలో ఏదో కలుక్కుమంది. ఆ నొప్పి మోచేతిదాకా జారి, అక్కణ్ణుంచి బొటనవేలికి దిగి, అక్కడ తిమ్మిరిగా ఉండిపోయింది. ముసలిది రోడ్డు వారకి ఒదగ్గానే పెళ్ళికొడుకు మెత్తగా ఒంపు తిరిగి వెళ్ళిపోయాడు. ఆయన ఒక్క చేత్తో తిప్పాడు. రెండో చేత్తో ఆమెకి టాటా చెప్పాడు.

నిజానికి ముసలిది ఆయన కారే. కొత్తది కొన్న రోజున దాని తాళాలు ఆమె చేతిలో పెట్టి, "ఇదింక నీది," అన్నాడు. చుట్టాలందరికీ ఫోన్లు చేసి మరీ చెప్పాడు, మా ఆవిడకిప్పుడు సొంత కారుందని. "అదృష్టవంతురాలివి వదినా, మా ఆయన నాకు సైకిలు కూడా కొనిపెట్టలేదు," అంది ఆడపడుచు. అదృష్టం అంతటితో ఆగలేదు. పిల్లని ట్యూషన్‌కి దింపడం, అత్తగారిని ఆస్పత్రికి తీసుకెళ్ళడం, బియ్యం బస్తా తేవడం, ఆఖరికి ఆడపడుచు అత్తగారిని రైలెక్కించడం కూడా "కారుందిగా" అనే ఒక్క మాటతో ఆమె నెత్తిన పడ్డాయి. అంతకుముందు ఇవన్నీ ఎలా జరిగేవో ఎవరికీ గుర్తులేదు.

కొత్త కారు కొనేటప్పుడు షోరూముకి ఆమె కూడా వెళ్ళింది. అమ్మేవాడు మర్యాదకి ఆమెని కూడా సీట్లో కూర్చోబెట్టి, "తిప్పి చూడండి మేడం," అన్నాడు. ముసలిదాని మీదే డ్రైవింగు నేర్చుకున్న అలవాటు కొద్దీ ఆమె భుజాలు బిగించి, ఊపిరి బిగపట్టి రెండు చేతులతో బలంగా తిప్పింది. అది గిర్రున తిరిగి ఆగింది. ఆమెకి గట్టిగా నవ్వొచ్చేసింది, షోరూములో వాళ్ళంతా తిరిగి చూసేంత నవ్వు. తర్వాత ఒక్క వేలితో తిప్పి చూసింది. తిరిగింది. ఇన్నాళ్ళూ స్టీరింగంటే ఇంతే ఉంటుంది కాబోలు అనుకుంది, తన చేతుల్లోనే బలం లేదేమో అనుకుంది. "చూశావా ఎంత తేలికో! సరే దిగు, నేను చూస్తాను," అన్నాడు ఆయన. ఆమె దిగింది. ఆ తర్వాత ఆ సీట్లో ఆమె కూర్చున్నది లేదు. "పెద్ద బండి, ఆ సందులో నువ్వు తిప్పలేవు. గీత పడితే మళ్ళీ రంగు కలవదు," అన్నాడు. నిజంగానే తిప్పలేనేమో అని ఆమె కూడా నమ్మింది. తిప్పలేని బండిని రోజూ తిప్పుతూ, వేలితో తిరిగే బండిని తిప్పలేనని నమ్మడం ఎంత వింతో అప్పట్లో ఆమెకి తట్టలేదు.

ఆమె పని చేసేది ఒక ఆస్పత్రి ల్యాబులో. రక్తం తీస్తుంది. పొద్దున్నే పరగడుపున వచ్చి బెంచీల మీద ముడుచుకుని కూర్చున్నవాళ్ళలో సగంమంది, "మెత్తచెయ్యావిడ వచ్చిందా?" అని అడిగి మరీ ఆమె కోసం ఆగుతారు. సూది దిగిందో లేదో తెలియకుండానే తీసేస్తుందని పేరు. నరం కంటికి కనపడదు, వేలికి తెలుస్తుంది. బొటనవేలితో అలా నిమిరితే చర్మం కింద సన్నగా ఎగురుతూ చెబుతుంది, ఇదిగో ఇక్కడున్నానని. ఈ విద్య ఆమెకి ఎవరూ నేర్పలేదు, ఆమెనుంచి ఎవరూ తీసుకోలేరు కూడా. ఇంట్లో ఆమె చేసిన ఏ పనికైనా ఒక వంక ఉంటుంది, కూరలో ఉప్పుకో, మడతపెట్టిన బట్టలకో. ల్యాబులో మాత్రం ఆమె చెయ్యి పడితే చాలని జనం ఎదురుచూస్తారు. ఆ నాలుగ్గోడల మధ్య గడిచే పొద్దు కోసమే మిగతా రోజంతా ఓర్చుకుంటోందని ఆమెకి బాగా తెలుసు.

ఆ వేలే ఇప్పుడు మొద్దుబారుతోంది. మొదట్లో పొద్దుటిపూట మాత్రమే ఉండేది, పని మొదలుపెట్టేసరికి సర్దుకునేది. తర్వాత మధ్యాహ్నందాకా ఉంటోంది. ఒకరోజు రిటైరైన బడి మాస్టారు ఒకాయన వచ్చాడు, ఆమె దగ్గరే తీయించుకుంటానని పట్టుబట్టే మనిషి. ఆమె నిమిరింది. వేలికి ఏమీ చెప్పలేదు నరం. ఉజ్జాయింపుగా గుచ్చింది, రక్తం రాలేదు. మళ్ళీ గుచ్చింది. మూడోసారి గుచ్చబోయి సూది పక్కన పెట్టేసింది. "పర్లేదమ్మా, ఇవాళ నా నరాలే దాక్కున్నాయి, నీ తప్పేం లేదు," అన్నాడాయన నల్లగా కమిలిపోతున్న చేతిని చొక్కా కింద దాచుకుంటూ. తిట్టినా బాగుండేది. ఆమె బాత్రూంలోకి వెళ్ళి కుళాయి విప్పి ఆ చప్పుడులో ఏడ్చింది.

ల్యాబు ఇన్‌చార్జి మేడం మంచిదే. పిలిచి తలుపేసి మరీ చెప్పింది. "చెయ్యి బాగయ్యేదాకా నువ్వు ట్యూబులకి స్టిక్కర్లు అంటించు. వాళ్ళకీ ఇబ్బంది, నీకూ ఇబ్బంది."

"బాగవకపోతే మేడం?"

"చూద్దాం."

ఆ చూద్దాం సంగతి అక్కడ అందరికీ తెలుసు. ఇంతకుముందు స్టిక్కర్ల దగ్గరికి వెళ్ళినావిడ మళ్ళీ సూది పట్టలేదు. కొన్నాళ్ళకి స్టిక్కర్లకి మనిషి అక్కర్లేదన్నారు, మెషీను వచ్చింది.

ఎముకల డాక్టరు భుజం అటూ ఇటూ తిప్పి చూసి, "బరువులేమైనా ఎత్తుతారా?" అని అడిగాడు. లేదంది. "మరి చేతికి శ్రమ కలిగే పనేదైనా?" ఆమె ఆలోచించింది. ఏం చెప్పాలి? మా ఆయన కారు బయటికి రావడానికి నా కారు తీస్తాను, మా ఆయన కారు లోపలికి వెళ్ళడానికి నా కారు తీస్తాను, అని చెప్తే అదొక పనిలా వినపడుతుందా? "ఇంటిపనేనండీ," అంది. డాక్టరు తలూపి, చేతికి విశ్రాంతి ఇవ్వమని రాశాడు. రాయడానికేం, చెయ్యి తిరిగినవాడు ఎంతైనా రాస్తాడు.

ఆ సాయంత్రం ఆయనే దగ్గర కూర్చుని భుజానికి మందు రాశాడు. ఇదీ చెప్పాలి, ఆయన చెడ్డవాడు కాదు. బాగానే మర్దనా చేశాడు. ఆ మెత్తదనంలో ధైర్యం వచ్చి ఆమె అడిగింది, "ఏవండీ, ఈ చెయ్యి నయమయ్యేదాకా కార్లు మార్చుకుందామా? నేను కొత్తది తీసుకెళ్తాను, మీరు..."

ఆయన చెయ్యి ఆగింది. "నాకసలే నడుంనొప్పి. ఆ ముసలిదాంట్లో ఆఫీసుకి వెళ్తే ఏం బాగుంటుంది చెప్పు? అయినా నీకది చేతికి అలవాటైన బండి. మామూలు స్టీరింగుకి రోడ్డు తెలుస్తుంది, పవర్ స్టీరింగులో ఆ మజా లేదు తెలుసా?"

ఆ మజాని ఆయన త్యాగం చేసి తనకి ఇచ్చినట్టు మాట్లాడుతున్నాడని ఆమెకి అనిపించింది. అనలేదు. మందు రాస్తున్న చేతిని ఏమంటాం? మర్నాడు పొద్దున్న ఆ చేత్తోనే హారను కొట్టాడు.

మెకానిక్కు దగ్గరికి కూడా వెళ్ళింది. ఈ పాత బండికి పవర్ స్టీరింగ్ పెట్టించొచ్చా అని అడిగితే, అతను ఆమె భుజం మీదుగా వెనక్కి చూసి, "సార్ రాలేదా?" అన్నాడు. రాలేదంది. "సార్‌తో ఒకసారి మాట్లాడించండమ్మా," అని ఇంకో బండి కిందకి దూరిపోయాడు. ఆ సార్ ఏమంటాడో ఆమెకి తెలుసు. పోయే బండికి ఇన్ని సోకులెందుకంటాడు.

ఇక అత్తగారు. ఆవిడ మాట ఎప్పుడూ ఒకటే. "మేం తిరగలి తిప్పినవాళ్ళం. పొద్దస్తమానం తిప్పాం. ఒక్కరోజు కూడా భుజం అనలేదు, నడుం అనలేదు." ఈ మాట అనేటప్పుడు ఆవిడ కుర్చీలో వీపు చూపించి కూర్చుని ఉంటుంది, కోడలు ఆవిడ తల దువ్వుతూ ఉంటుంది. ఎందుకంటే అత్తగారి కుడిచెయ్యి చెవి దాటి పైకి లేవదు. లేవక చాలా ఏళ్ళయింది. అది ఎందుకు లేవదని ఆ ఇంట్లో ఎవరూ అడగలేదు, ఆవిడ కూడా తనని తాను అడిగినట్టు లేదు. కోడలికి మాత్రం ఈ మధ్య దువ్వుతున్నంతసేపూ ఆ భుజం మీదే కళ్ళు ఉంటున్నాయి.

వీటన్నిటినీ ఆమె ఒకే ఒక్క మాటతో సర్దుకుంటూ వచ్చింది. ఆయనకి తెలియదు కదా, అని. మగవాళ్ళకి కొన్ని తెలియవు. రోడ్డు మీద నడిపిన బండి ఆయనకి తెలుసుగాని, సందులో నిలబెట్టి తిప్పే బండి తెలియదు. ఈ సందున్న ఇంటికి మారేసరికే కొత్త బండి కూడా వచ్చేసింది. ఏదో ఒకరోజు సరైన మాటలు దొరికి సరిగ్గా చెప్పగలిగితే అర్థం చేసుకుంటాడు. తప్పు తనది, చెప్పడం చేతకాకపోవడం. ఈ సర్దుబాటులో ఒక సుఖం కూడా ఉంది, ఎదుటివాడు మంచివాడుగా మిగిలిపోతాడు.

అది మొన్న ఆదివారం దాకా.

ఆదివారం భోజనాల దగ్గర కూతురు డ్రైవింగు నేర్చుకుంటానంది. తల్లి వెంటనే, "నా బండి మీద నేర్పిస్తాలే, దాని మీద వస్తే దేని మీదైనా వస్తుంది," అంది కాస్త గర్వంగానే.

"ఆ ముసలిదాని మీదా?" అన్నాడు ఆయన, కూర వడ్డించుకుంటూ. "వద్దు వద్దు. ఆ స్టీరింగు తిప్పితే పిల్ల చేతులు పాడైపోతాయి. సుకుమారం చేతులు. నేను కొత్తదాని మీద నేర్పిస్తాను."

ఎంత మామూలుగా అన్నాడో! గిన్నె మూతపెట్టి ఆమె వైపు జరిపాడు, ఇంకా కావాలా అన్నట్టు. ఆమె గిన్నె వైపు చూస్తూ ఉండిపోయింది. కోపం వస్తే బాగుండేది. కాని ఆ మాటలో కోపగించుకోడానికి ఏముంది? కూతురి చేతులు పాడవకూడదని ఆమెకి మాత్రం లేదా? తండ్రి ప్రేమగా అన్న మాట, నిజమైన మాట, అందుకే తల ఊపింది కూడా. ఊపుతూ ఊపుతూ ఉండగా లోపల ఏదో చల్లగా దిగిపోయింది. తెలుసు. ఈయనకి తెలుసు. చేతులు పాడవుతాయని తెలుసు. ఎవరూ చెప్పక్కర్లేకుండా, మాటలు వెతుక్కోనక్కర్లేకుండా, మొదటినుంచీ తెలుసు. కాకపోతే ఆమె చేతుల్ని చేతుల లెక్కలో వేసుకోలేదు.

ఆ రాత్రి, మర్నాడు, ఆ మర్నాడు కూడా ఆమె ఏమీ అనలేదు. ఏమని అంటుంది? తెలియనివాడికైతే చెప్పవచ్చు. తెలిసినవాడికి ఇంకేం చెప్తాం? పొద్దున్నే కేక రాగానే మెట్లు దిగింది, జానెడు వెనక్కి, జానెడు ముందుకి. ల్యాబులో ట్యూబులకి స్టిక్కర్లు అంటించింది. బెంచీ మీదనుంచి ఎవరో, "మెత్తచెయ్యావిడ మానేసిందా?" అని అడగడం, కొత్తమ్మాయి, "ఉందండీ, ఇప్పుడు తీయట్లేదు," అనడం తల ఎత్తకుండానే వింది.

బుధవారం మధ్యాహ్నం డాక్టరు మళ్ళీ రమ్మంటే వెళ్తోంది. మొగుడి ఆఫీసు ముందే ఎర్రలైటు పడింది. నెత్తి మాడిపోయే ఎండ. ఊరికే అటు చూసింది. ఆఫీసు ఆవరణలో, చెట్టు లేదు చేమ లేదు, బోడి మైదానంలో కార్లు వరసగా మాడుతున్నాయి. అందులో ముందు వరసలో పెళ్ళికొడుకు. ముసుగు లేదు. బానెట్టు మీద పిట్టలు రెట్టలు వేసి ఉన్నాయి. ఎండంతా దాని నెత్తి మీదే ఉంది.

ఆమెకి ఒక క్షణం బుర్ర పని చెయ్యలేదు. తర్వాత మెల్లిగా పని చెయ్యడం మొదలుపెట్టింది. పొద్దున్న పోయి పొద్దుగూకాక వచ్చే కారు. అది ఇంట్లో ఉండేదే రాత్రిపూట. రాత్రిపూట ఎండెక్కడిది? ఏ ఎండనుంచి దాన్ని కాపాడటానికి తను ఇన్నేళ్ళు పొద్దునా సాయంత్రం స్టీరింగుతో కుస్తీ పడుతోంది? ఒక్క ఆదివారం పూట ఆ ముసుగు కప్పితే సరిపోయేది కదా! లోపలి చోటులో ముసలిది ఉంటే, ఆఖర్న వచ్చేవాడు బయట ఆపుకుని, ముందు వెళ్ళేవాడు ముందు వెళ్ళిపోయేవాడు. ఎవరూ ఎవరికోసమూ దేన్నీ తీయక్కర్లేదు. ఇంతమంది ఉన్న ఇంట్లో, చదువుకున్న మనుషులున్న ఇంట్లో, ఈ ముక్క ఎవరికీ తట్టలేదు. ఎందుకు తడుతుంది, తిప్పడానికి మనిషుండగా? మరి తనకెందుకు తట్టలేదు? పచ్చలైటు పడి చాలాసేపయిందని వెనకవాళ్ళు హారన్లు కొడుతున్నారు. ఆమెకి నవ్వొచ్చింది, నవ్వుతుంటే కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి, వాటిని తుడుచుకోడానికి కుడిచెయ్యి లేవలేదు.

డాక్టరు చెప్పినదాంట్లో కొత్తేమీ లేదు. నరం నలుగుతోందన్నాడు. ఇప్పటికైనా ఆపితే కొంత తిరిగి రావచ్చన్నాడు. అంతా వస్తుందా అంటే చెప్పలేనన్నాడు.

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి సందు ఖాళీగా ఉంది. రోజూలాగే గేటు తీసి, ముసలిదాన్ని లోపలికి పోనిచ్చింది. గేటు పక్కన ఆపే చోట కాలు బ్రేకు మీదకి వెళ్ళింది. ఒక్క క్షణం అక్కడే ఆగింది. దొంగతనం చేస్తున్నట్టు అద్దంలో వెనక్కి చూసుకుంది. తర్వాత కాలు తీసేసింది. కారు నిదానంగా ముందుకి దొర్లింది. తిప్పక్కర్లేదు, దారి తిన్నగానే ఉంది. రేకుల కప్పు కిందకి, పెళ్ళికొడుకు చోటులోకి వెళ్ళి, గోడ దగ్గర ఆగింది. తాళం వేసి మెట్లెక్కి, చేతులు కడుక్కుని, దువ్వెన తీసుకుని అత్తగారి వెనక కూర్చుంది.

చీకటి పడుతుండగా కింద హారను మోగింది. మళ్ళీ మోగింది. తర్వాత కేక వచ్చింది. "కారు తియ్యి!"

ఆమె దువ్వుతూనే ఉంది, ఎడంచేత్తో. కాసేపటికి ఫోన్ మోగింది. తీసి చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుంది.

"నీ కారేంటి లోపల పెట్టావు? వచ్చి తియ్యి."

"మీరు బయటే పెట్టుకోండి. పొద్దున్న ముందు వెళ్ళేది మీరేగా."

 అటునుంచి ఇంజను చప్పుడు వినపడుతోంది. రేపు ఏమవుతుందో ఆమెకి తెలియదు. ఆయన అరవచ్చు, అలగవచ్చు, ఆదివారం ఆడపడుచుని పిలిచి పంచాయితీ పెట్టవచ్చు. వేలికి స్పర్శ తిరిగి వస్తుందో రాదో, అదీ తెలియదు. ఫోన్ పక్కన పెట్టి మళ్ళీ దువ్వెన అందుకుంది.

అత్తగారు మెడ తిప్పకుండానే అడిగింది. "కొత్త బండిని బయట పెట్టమన్నావా? పాడైపోదూ?"

"పాడవుతుంది అత్తయ్యా," అని, ఆవిడ లేవని భుజం మీదనుంచి జుట్టు మెల్లిగా వెనక్కి తీసింది ఆమె.